డివిజన్ అంటే ఏ డివిజన్?

ఈ పూట ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట మీకందరికీ తెలుసు. రోజూ వింటారు, రోజూ అంటారు. ఆ మాట డివిజన్.

నేను ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక ఊళ్ళో ఎవరికి ఏ కాయితం రాయాల్సి వచ్చినా మా అరుగు మీదికే వస్తుంటారు. ఆ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. ఇంటర్ పాసయ్యాడు. ఏదో సర్టిఫికెట్టుకి దరఖాస్తు పెట్టాడు. ఆఫీసులో దాన్ని తిప్పి పంపేశారు. తప్పేమిటో చెప్పలేదు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తిప్పి పంపారు. రెండుసార్లు బస్సు ఛార్జీలు, రెండు రోజుల పని పోయాయి. చివరికి ఆ కాయితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

చూశాను. గ్రామం పేరు సరిగ్గానే రాశాడు. మండలం పేరు సరిగ్గానే ఉంది. దాని కింద "డివిజన్" అని ఒక గడి. అందులో "ఫస్ట్" అని రాశాడు.

"మాస్టారూ, నాకు నిజంగానే ఫస్ట్ డివిజన్ వచ్చింది. మార్కుల మెమో కూడా జత చేశాను" అన్నాడు.

నాకు నవ్వు రాలేదండీ. బాధేసింది. ఆ అబ్బాయి చదువుకున్నవాడు. తనకు తెలిసిన డివిజన్ అదే. వాళ్ళడిగింది రెవెన్యూ డివిజన్. ఆ "రెవెన్యూ" అన్న మాట ఫారం మీద లేదు. ఉండి ఉంటే ఆ రెండు రోజులూ పోయేవి కావు.

అందుకే ఈ మాట ఎంచుకున్నాను. నేను చెప్పబోయేది చాలా చిన్న సంగతి. డివిజన్ అనే మాట ఒంటరిగా వస్తే దాని అర్థం తెలీదు. పక్కనున్న మాట చూడాలి. పక్కన మాట లేకపోతే, ఏ డివిజన్ అని అడగాలి. ఇంతే. మళ్ళీ చెప్తున్నాను. పక్క మాట చూడాలి. లేకపోతే అడగాలి.

ముందు బడిలోకే వెళ్దాం. లెక్కల్లో డివిజన్ అంటే భాగహారం. మనం చిన్నప్పుడు నేర్చుకున్నదే. విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం. అయితే ఆ ఒక్క భాగహారంలోనే రెండు పనులున్నాయి. ఇది చాలామంది గమనించరు.

ఇంట్లో 12 సున్నుండలు ఉన్నాయనుకోండి. పిల్లలు నలుగురు. అమ్మమ్మ పంచింది. తలా మూడు వచ్చాయి. ఇది పంచడం.

ఇప్పుడు అవే 12 సున్నుండలు. పిల్లలు ఊళ్ళో లేరు. డబ్బాల్లో పెట్టి పంపాలి. ఒక్కో డబ్బాలో మూడు పడతాయి. ఎన్ని డబ్బాలు కావాలి? నాలుగు. ఇది కొలవడం. ఇక్కడ ఎవరి వాటా ఎంత అని అడగలేదు. ఎన్ని కట్టలవుతాయి అని అడిగాం.

రెండిటికీ బడిలో ఒకటే గుర్తు. ఒక అడ్డగీత, పైనొక చుక్క, కిందొక చుక్క. ఆ గుర్తును భాగహారానికి 1659లో స్విట్జర్లాండుకు చెందిన యోహాన్ రాన్ అనే గణితవేత్త తన పుస్తకంలో వాడాడు. గుర్తు ఒకటే గానీ పనులు రెండు. పంచడం ఒకటి, కొలవడం ఒకటి. ఇంట్లో పిల్లలకు భాగహారం చెప్పేవాళ్ళు దయచేసి ఈ రెండూ విడివిడిగా చేసి చూపించండి. శనగలతో చూపించినా చాలు. ఆరు లీటర్ల పాలను అరలీటరు సీసాల్లో పోస్తే 12 సీసాలు ఎందుకయ్యాయో, భాగిస్తే సంఖ్య పెరగడమేమిటో, కొలవడం తెలిసిన పిల్లకి వెంటనే అర్థమవుతుంది. పంచడం ఒక్కటే తెలిసిన పిల్ల అక్కడ ఆగిపోతుంది.

పెరగడం అంటే గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట పదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను అడిగింది. "మాస్టారూ, లెక్కల క్లాసులో డివిజన్ చేస్తే తగ్గుతుంది. సైన్సు క్లాసులో డివిజన్ చేస్తే పెరుగుతుంది. ఇదెలాగండీ?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి. సైన్సు క్లాసులో డివిజన్ అంటే కణ విభజన. ఒక కణం రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. నాలుగు ఎనిమిదవుతాయి. మీరూ నేనూ తల్లి కడుపులో ఒక్క కణంగా మొదలై ఇంతవాళ్ళమయ్యాం. అంతా ఆ డివిజన్ వల్లే.

సున్నుండలు పంచితే కొత్త సున్నుండ పుట్టదు. ఉన్నవే అటూ ఇటూ వెళ్తాయి. కణం అలా కాదు. అది ఆహారం తీసుకుని, లోపల ఉన్న సరుకంతా మరో జత తయారు చేసుకుని, అప్పుడు రెండవుతుంది. పెరట్లో చామంతి పెంచేవాళ్ళకు ఇది తెలుసు. దుబ్బు బాగా ఎదిగాక తవ్వి, వేళ్ళతో సహా పిలకలు విడదీస్తారు. ఒక కుండీ నాలుగు కుండీలవుతుంది. ఆ పనినీ ఇంగ్లీషులో డివిజన్ అనే అంటారు. కడియం నర్సరీలవైపు వెళ్ళినవాళ్ళకు పిలకలు విడదీసి నాటడం కొత్త కాదు. అరటి తోట పెట్టే రైతుకి అసలే కొత్త కాదు.

కాబట్టి పక్క మాట చూడాలని అన్నాను కదా, దానికి ఇంకొక్కటి కలుపుకోండి. విడదీశాక మొత్తం ఏమైంది? తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా? ఈ ప్రశ్న వేసుకుంటే ఈ మాట సగం దారికొస్తుంది.

ఇప్పుడు రైలెక్కుదాం. విజయవాడ డివిజన్, గుంటూరు డివిజన్, గుంతకల్లు డివిజన్. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ విడిపోలేదు. విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్తారు. గూడూరు దాటాక విజయవాడ డివిజన్ అయిపోతుంది, చెన్నై డివిజన్ మొదలవుతుంది. మీ కాఫీ కప్పు కూడా కదలదు. టికెట్టు ఒకటే, పట్టాలు ఒకటే. మారింది అజమాయిషీ. ఇక్కడ డివిజన్ అంటే ముక్క కాదు. ఒక పెద్ద సంసారంలో ఒకరి చేతికి అప్పగించిన పని. ఇంత మేర నువ్వు చూసుకో అని అప్పగించడం.

పెళ్ళి వంట దగ్గర చూడండి. వంట పెద్ద నిలబడి, నువ్వు పప్పు చూడు, నువ్వు పులిహోర చూడు, నువ్వు బూరెలు చూడు అంటాడు. వంటను ముక్కలు చేశాడా? చెయ్యలేదు. విందు ఒకటే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని డివిజన్ ఆఫ్ లేబర్ అన్నారు. తెలుగులో శ్రమ విభజన అని పుస్తకాల్లో రాస్తాం. ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల కార్ఖానా ఉదాహరణ చెప్పాడు. ఒకడు తీగ లాగుతాడు, ఒకడు కోస్తాడు, ఒకడు మొన తీస్తాడు. అలా పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేస్తున్నారని రాశాడు. పని విడదీసుకున్నారు. మనుషులు మాత్రం మునుపటికన్నా ఎక్కువగా ఒకరి మీద ఒకరు ఆధారపడ్డారు. ఇలాంటి చోట విభజన అన్న మాట నాకు కొంచెం మోటుగా వినిపిస్తుంది. పని పంచుకోవడం అంటే చాలదా? నా మటుకు నాకు చాలు.

రైలు సంగతి ఇంకొంచెం ఉంది. ఉత్తరాంధ్ర శ్రోతలకు ఇది బాగా తెలుసు. 2019లో విశాఖపట్నం కేంద్రంగా కొత్త రైల్వే జోన్ ప్రకటించారు. అందులోనే విశాఖలో ఉన్న వాల్తేరు డివిజన్‌ను రెండు చేసి, ఒక భాగాన్ని విజయవాడ డివిజన్‌లో కలుపుతామని, రెండో భాగంతో రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్ పెడతామని అన్నారు. దానిమీద విశాఖలో చాలా ఆందోళన జరిగింది. తర్వాత 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ నిర్ణయాన్ని సవరించింది. కొంత భాగంతో డివిజన్‌ను విశాఖలోనే ఉంచి, దానికి విశాఖపట్నం డివిజన్ అని పేరు పెట్టింది. అక్కడి జనం కోరిందేమిటి? డివిజన్‌ను డివిజన్ చెయ్యొద్దని. ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు వచ్చింది. మొదటిది యూనిట్టు పేరు, రెండోది కొయ్యడం. మాట ఒకటే. పక్క మాట వేరు.

ఇక మన కుర్రాడి ఫారం దగ్గరికి వద్దాం. జిల్లాకి కలెక్టరు. మండలానికి తహసీల్దారు. ఈ ఇద్దరికీ మధ్యలో ఒక మెట్టు ఉంది. అది రెవెన్యూ డివిజన్. దానికి అధికారి ఆర్డీవో. కొన్నిచోట్ల సబ్ కలెక్టరు ఉంటారు. కొన్ని మండలాలు కలిస్తే ఒక డివిజన్. మళ్ళీ వినండి. కొన్ని మండలాలు కలిస్తే ఒక డివిజన్. కింద నుంచి చూస్తే అది కలయిక. పైన కలెక్టరాఫీసు నుంచి చూస్తే అది విభజన. మీరెక్కడ నిలబడి చూస్తున్నారన్న దాన్నిబట్టి అర్థం తిరగబడింది.

ఈ సరిహద్దు గీతలు స్థిరంగా ఉండవు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందు 2016 దసరాకి తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. బాపట్లలో, నరసరావుపేటలో ఉన్నవాళ్ళు ఒకప్పుడు గుంటూరు జిల్లా అని రాసేవారు. ఇప్పుడు బాపట్ల జిల్లా అని, పల్నాడు జిల్లా అని రాస్తున్నారు. ఇల్లు కదల్లేదు. గీత కదిలింది. అందుకే పాత కాయితాలు చూసి కొత్త ఫారం నింపకండి. మీ మండలం ఇప్పుడు ఏ రెవెన్యూ డివిజన్‌లో ఉందో ఒకసారి అడిగి రాసిపెట్టుకోండి. భూమి తగాదాల్లో తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే చాలాసార్లు మొదటి అప్పీలు ఆర్డీవో దగ్గరికే వెళ్తుంది. అప్పుడు ఆ పేరు అవసరం.

పట్నంలో ఉన్నవాళ్ళకు ఇంకొక చిక్కు. విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు ఉన్నాయి. ఒక్కో డివిజన్‌కి ఒక కార్పొరేటరు. అక్కడ డివిజన్ అంటే మీ వార్డు. కాలవ పూడిక తీయించాలంటే ఆ డివిజన్. పొలం కాయితానికి రెవెన్యూ డివిజన్. రైలు మీద ఫిర్యాదుకి రైల్వే డివిజన్. ఒకే మనిషి, ఒకే ఇల్లు, మూడు డివిజన్లు.

ఇప్పుడు కోర్టుకి వెళ్దాం. పేపర్లో చదువుతుంటాం, హైకోర్టు డివిజన్ బెంచి తీర్పు చెప్పిందని. ఏం డివైడయింది అక్కడ? న్యాయమూర్తులు ఇద్దరు కలిసి కూర్చుంటే దాన్ని డివిజన్ బెంచి అంటారు. కలిసి కూర్చుంటే డివిజనేమిటని అనుమానం రావాలి మరి. కోర్టులో ఉన్న న్యాయమూర్తులందరూ ప్రతి కేసూ కలిసి వినలేరు. అందుకని జట్లు జట్లుగా కూర్చుంటారు. ఆ జట్టు మొత్తం కోర్టులో ఒక భాగం. అది చెప్పిన మాట కోర్టు చెప్పిన మాటే.

ఇక్కడ మన తెలుగు పత్రికల వాళ్ళకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. వాళ్ళు విభజన ధర్మాసనం అని రాయలేదు. ద్విసభ్య ధర్మాసనం అని రాశారు. ఇంగ్లీషు మాట మీద చూపు పెట్టలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళను చూశారు. ఇద్దరున్నారు. ఇద్దరని రాశారు. అనువాదం నేర్చుకునే పిల్లలకి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తాను. మాటను కాదు, వస్తువును చూసి పేరు పెట్టమంటాను.

పార్లమెంటులో ఇంకో రకం. ఏదైనా తీర్మానం మీద ముందు మూజువాణి ఓటు ఉంటుంది. అవునన్నవాళ్ళు అవునంటారు, కాదన్నవాళ్ళు కాదంటారు. నోటి చప్పుడే లెక్క. ఆ లెక్క సరికాదనుకున్న సభ్యుడు లేచి, డివిజన్ అంటాడు. అప్పుడు గంట మోగుతుంది. ఓట్లు లెక్కపెడతారు. ఇంగ్లండులో అయితే సభ్యులు నిజంగానే లేచి, అవునన్నవాళ్ళు ఒక వైపు, కాదన్నవాళ్ళు ఒక వైపు నడిచి వెళ్తారు. మన చెడుగుడు ఆటలో అటు జట్టు, ఇటు జట్టు చీలినట్టు. అందుకే దానికి డివిజన్ అని పేరు. లెక్కయ్యాక మళ్ళీ అందరూ అదే సభలో కూర్చుంటారు.

1999 ఏప్రిల్ 17 కొందరికి గుర్తుండే ఉంటుంది. లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం. స్పీకరు కుర్చీలో మన అమలాపురం ఎంపీ బాలయోగి గారున్నారు. ఓట్లు లెక్కపెట్టారు. అవునన్నవాళ్ళు 269. కాదన్నవాళ్ళు 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. నోటి చప్పుడుతో తేలే లెక్క కాదది. డివిజన్ కావాలి.

ఇంకో తారీఖు కూడా చెప్తాను. 2014 ఫిబ్రవరి 18. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందిన రోజు. ఆ రోజు గురించి ఎవరి బాధ వారికుంది, ఎవరి ఆనందం వారికుంది. రెండూ నిజమైనవే. నేను మాట వరకే చెప్తున్నాను. రాష్ట్ర విభజన బిల్లు ఆ రోజు మూజువాణి ఓటుతో పాసయింది. అంటే ఒక అర్థంలో డివిజన్ జరిగింది, ఇంకో అర్థంలో జరగలేదు. ఇంగ్లీషు పత్రికలు ఎక్కువగా బైఫర్కేషన్ అని రాశాయి. ఆ మాటలో ఉన్నది పంగ. చెట్టు కొమ్మ రెండుగా చీలే చోటును మనం పంగ అంటాం కదా, అది. పంగ దగ్గర రెండు కొమ్మలు ఎటు వెళ్ళినా కింద మాను ఒకటే. ఆ పోలిక నాకు ఇష్టం. నది నీళ్ళ గురించి, ఆస్తుల గురించి రెండు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ మాను గుర్తుండాలని ఒక తెలుగువాడిగా గట్టిగా కోరుకుంటాను.

ఆఖరుగా ఇంటికొద్దాం. అన్నదమ్ములు విడిపోవడం. దీనికి ఇంగ్లీషులో డివిజన్ అనీ అంటారు, పార్టిషన్ అనీ అంటారు. రెండూ ఒకటే అనుకుంటాం. హిందూ ఉమ్మడి కుటుంబం విషయంలో కోర్టులు ఈ రెండిటినీ వేరుగా చూస్తాయి. ఉమ్మడిలో ఉన్న ఒకరు, ఇక నేను ఉమ్మడిలో లేను, నా వాటా నాది అని స్పష్టంగా తెలియజేస్తే, ఆ ఉమ్మడి హోదా అప్పుడే విడిపోయినట్టు. ఇది డివిజన్. పొలంలో గట్టు పడటం, ఇంట్లో గోడ లేవటం తర్వాత ఎప్పుడో జరగొచ్చు. ఏళ్ళు పట్టొచ్చు. అది పార్టిషన్. మాట ముందు తెగుతుంది, మట్టి తర్వాత తెగుతుంది. ఇక వంట వేరుగా వండుకోవడం ఉంది చూశారా, అది ఒక్కటే చూపించి విడిపోయామంటే కోర్టు ఒప్పుకోదు. అత్తాకోడళ్ళకు పడక రెండు పొయ్యిలు పెట్టుకున్న ఇళ్ళు ఎన్ని లేవు? పొయ్యిలు రెండైనా ఆవకాయ జాడీ ఒకటే ఉన్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

ఇక్కడ మన తెలుగు చేసిన పని ఒకటి చెప్పాలి. పాలు అంటే వాటా. ఆస్తిలో వాటా ఉన్నవాళ్ళు పాలివాళ్ళు. ఆ పాలు అన్న మాటనుంచే పాల్గొనడం వచ్చింది. పాలు కొనడం, అంటే వాటా తీసుకోవడం. పెళ్ళిలో పాల్గొన్నాం అంటాం. కష్టంలో పాలు పంచుకున్నాం అంటాం. వాటాలు తెంచే మాటే మనుషుల్ని కలిపే మాట కూడా అయింది. ఇంగ్లీషులో పార్ట్ అన్న మాట కూడా అంతే. విడిపోవడమూ పార్టే, పాల్గొనడమూ పార్టే. రెండు భాషలవాళ్ళూ ఎవరికి వారే ఈ సంగతి కనిపెట్టారు. నాకిది ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

టైము దగ్గర పడింది. మళ్ళీ ఒకసారి. డివిజన్ అని వినగానే విభజన అని చెప్పేయకండి. పక్క మాట చూడండి. రైల్వేనా, రెవెన్యూనా, బెంచా, కణమా, లెక్కా? తర్వాత, విడదీశాక మొత్తం ఏమైందో చూడండి. తెలుగులో దానికి మాటలు చాలా ఉన్నాయి. భాగహారం, పంపకం, వాటా, చీలిక, జట్టు, పిలక. ఏది అతుకుతుందో అది వాడండి.

ఫారాలు తయారు చేసే అధికారులు ఎవరైనా వింటుంటే వారికో మనవి. డివిజన్ అన్న గడి ముందు రెవెన్యూ అన్న ఒక్క మాట అచ్చు వేయించండి. సిరా ఖర్చు ఎక్కువ కాదు.

ఆ కుర్రాడి సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. మూడోసారి ఫారం నింపేటప్పుడు, గడి ముందు ఖాళీలో రెవెన్యూ అని తనే పెన్నుతో రాశాడు. గడిలో తెనాలి అని రాశాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి, కాయితం తీసుకున్నారని చెప్పాడు. తన వెనక వరసలో ఉన్న ముగ్గురి ఫారాల మీద కూడా ఆ మాట రాసిచ్చి వచ్చాడట.